జీబ్రా చేప గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: పేరు, చుట్టరికం, బతుకు

అక్వేరియం షాపుకు మొదటిసారి వెళ్లినవాళ్లకు ఎక్కువగా చేతికొచ్చే చేపల్లో ఇదొకటి. రెండు వేళ్ల వెడల్పంత పొడవు, ఒంటి మీద నీలం చారలు, ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండని ఈత. ధర తక్కువ, ప్రాణం గట్టి. అందుకే చాలామంది దీన్ని కొత్త తొట్టిలో నీళ్లు కుదుటపడేదాకా వేసి ఉంచే చేపగానే చూస్తారు. అలా అన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. చాలా ఏళ్లుగా వీటిని పెంచుతున్నాను. ఇంటికి వచ్చినవాళ్లు, తెలిసిన పిల్లలు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

జీబ్రా చేప, జీబ్రా డేనియో, డేనియో రెరియో: మూడూ ఒకటేనా?

ఒకటే. షాపుల్లో జీబ్రా అనో జీబ్రా డేనియో అనో అంటారు. పరిశోధన చేసేవాళ్లు జీబ్రా ఫిష్ అంటారు. శాస్త్రీయ నామం డేనియో రెరియో. అందులో డేనియో ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు, రెరియో జాతి పేరు. సముద్రపు అక్వేరియంలలో, తినే చేపల్లో కూడా జీబ్రా అని పిలిచేవి వేరే ఉన్నాయి కాబట్టి, కొనేటప్పుడు శాస్త్రీయ నామం తెలిసి ఉండటం మంచిది.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

డేనియో అనే మాట బెంగాలీ నుంచి వచ్చింది. అక్కడ ధాని అంటే వరిపొలానికి చెందినది. మన ధాన్యం అన్న మాటలో ఉన్నదే ఆ మూలం. ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలలు రోజూ పలికే పేరు వెనక వరిమడి ఉంది!

ఆ పేరును శాస్త్ర గ్రంథంలోకి ఎక్కించింది ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు. ఈస్టిండియా కంపెనీలో పనిచేస్తూ బెంగాల్, బీహార్ ప్రాంతాలు తిరిగి అక్కడి మొక్కల గురించి, చేపల గురించి, జనం బతుకు గురించి రాసుకున్నాడు. అసలు ఇంటిపేరు బుకానన్, హామిల్టన్ అన్నది తర్వాత తీసుకున్నది. గంగానది, దాని ఉపనదుల చేపల మీద ఆయన రాసిన పుస్తకం 1822లో వచ్చింది. మన జీబ్రా చేప అందులోనే మొదటిసారి కనిపిస్తుంది. ఆయనకు అది దొరికింది కోసి నదిలో.

ఇంకో ముచ్చట. మన మార్కెట్లో అమ్మే బొచ్చెకు, శీలావతికి కూడా శాస్త్రీయ నామాలు అదే పుస్తకంలో పడ్డాయి. హామిల్టన్ ఈ మూడింటినీ సైప్రినస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. బారెడు చేప, బొటనవేలంత చేప అప్పట్లో ఒకే ఇంటిపేరుతో ఉండేవన్నమాట.

పేరు పక్కన హామిల్టన్, 1822 అని బ్రాకెట్లలో రాస్తారు, ఎందుకు?

జంతువుల పేర్లకు ఒక నియమం ఉంది. మొదట వర్ణించిన వ్యక్తి పేరు, సంవత్సరం జాతి పేరు పక్కన రాస్తారు. ఆయన పెట్టిన ప్రజాతిలోనే ఆ జీవి ఇంకా ఉంటే బ్రాకెట్లు ఉండవు. తర్వాత వేరే ప్రజాతికి మార్చితే బ్రాకెట్లు పెడతారు. సైప్రినస్ రెరియో కాస్తా డేనియో రెరియో అయింది కాబట్టి బ్రాకెట్లు వచ్చాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే, ఏ చేప పేరు చూసినా అది ఇల్లు మారిందో లేదో మీకే తెలిసిపోతుంది.

పాత పుస్తకాల్లో బ్రాకీడేనియో అని ఉంది. అది తప్పా?

తప్పు కాదు, పాత పేరు. 1916లో వెబర్, డి బోఫోర్ అనే ఇద్దరు ఈ చిన్న డేనియోలను వేరుచేసి బ్రాకీడేనియో అన్నారు. బ్రాకీ అంటే గ్రీకులో పొట్టి. వీటి వీపు మీది రెక్క పొట్టిగా ఉంటుంది. 1990ల మొదట్లో ఆ విభజన నిలవదని తేల్చి మళ్లీ డేనియోలో కలిపారు. పెద్ద డేనియోలని పిలిచే కొన్నింటిని మాత్రం తర్వాత డెవారియో అనే ప్రజాతికి పంపారు. బ్రాకీడేనియోను మళ్లీ నిలబెట్టాలనే వర్గీకరణ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఉన్నారు. అందుకే కొన్ని చోట్ల ఆ పేరు తిరిగి కనిపిస్తోంది.

పేర్లు ఇలా మారుతుంటే చాలామందికి విసుగు. నాకు మాత్రం ఇష్టం. ఎవరు ఎవరికి చుట్టమో ఇంకా వెతుకుతున్నారనే కదా దాని అర్థం!

ఇది ఏ కుటుంబానికి చెందింది? బొచ్చెకు నిజంగా చుట్టమేనా?

దూరపు చుట్టం. క్రమం, అంటే కుటుంబాల కంటే పెద్ద గుంపు, సైప్రినిఫార్మిస్. బొచ్చె, శీలావతి, గోల్డ్ ఫిష్, జీబ్రా అన్నీ ఈ క్రమంలోనివే. కుటుంబం దగ్గరే మార్పు జరిగింది. చాలాకాలం వీటన్నింటినీ సైప్రినిడే అనే ఒకే పెద్ద కుటుంబంలో ఉంచారు. ఆ కుటుంబం మరీ పెద్దదైపోవడంతో 2018లో టాన్, ఆర్మ్‌బ్రస్టర్ అనే శాస్త్రవేత్తలు దాని ఉపకుటుంబాలను పూర్తి కుటుంబాలుగా చేశారు. అప్పటి నుంచి జీబ్రా చేప డేనియోనిడే కుటుంబంలో ఉంది. బొచ్చె, శీలావతి, గోల్డ్ ఫిష్ సైప్రినిడేలోనే ఉండిపోయాయి. పాఠ్యపుస్తకంలో ఒక పేరు, కొత్త వ్యాసంలో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. పుస్తకం అచ్చయిన సంవత్సరం చూడండి చాలు.

చుట్టరికానికి రుజువు ఒంట్లోనే ఉంది. ఈ చేపలకు గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య చిన్నచిన్న ఎముకల గొలుసు ఉంటుంది. నీళ్లలో వచ్చే శబ్దానికి గాలితిత్తి కంపిస్తే, ఆ కంపనాన్ని ఈ ఎముకలు చెవికి చేరవేస్తాయి. దీన్ని వెబర్ ఉపకరణం అంటారు. వాలుగకూ ఇది ఉంది, కొర్రమీనుకు లేదు. తొట్టి అద్దం మీద వేలితో కొట్టొద్దని నేను పిల్లలను బతిమాలేది ఇందుకే. వాటికి అది మనం అనుకున్నదానికంటే చాలా గట్టిగా వినిపిస్తుంది.

నోట్లో పళ్లు ఉంటాయా?

దవడల్లో ఉండవు. గొంతులో ఉంటాయి, తిండిని అక్కడే నలుపుతుంది. జీర్ణాశయం కూడా లేదు. పేగు మొదటి భాగం కాస్త ఉబ్బి ఆ పని చేస్తుంది. ఒక్కసారి ఎక్కువ తిని దాచుకునే వీలు తక్కువ కాబట్టి రోజుకు రెండు మూడు సార్లు చిటికెడు చొప్పున వేయడం మేలు. నోటి దగ్గర రెండు జతల సన్నటి మీసాలు ఉంటాయి, జాగ్రత్తగా చూస్తేనే కనపడతాయి.

లెపర్డ్ డేనియో వేరే జాతి కదా?

కాదు. నేనూ మోసపోయింది ఇక్కడే. ఒక షాపులో రెండూ వేరు వేరు జాతులని చెబితే నమ్మి, తొట్టిలో రెండు రకాలు ఉన్నాయని సంబరపడ్డాను. కొన్ని నెలలకు రెండూ కలిసి పిల్లలు పెట్టాయి. అప్పుడు చదివితే అసలు సంగతి తెలిసింది.

1963లో మైన్కెన్ అనే జర్మన్ దీన్ని బ్రాకీడేనియో ఫ్రాంకీ అనే కొత్త జాతిగా వర్ణించాడు. కానీ చుక్కలున్న ఈ చేపలు గుంపులుగా బతికే వాగు గానీ చెరువు గానీ ఎక్కడా దొరకలేదు. జీబ్రాతో కలిస్తే పుట్టే పిల్లలకు మళ్లీ పిల్లలు పుడుతున్నాయి. చివరికి తేలిందేమిటంటే ఇది జీబ్రా చేపే. ఒకే ఒక్క జన్యువులో మార్పు వల్ల చారలు తెగి చుక్కలయ్యాయి. పక్కపక్కనున్న రంగు కణాలు ఒకదానితో ఒకటి సంకేతాలు పంచుకునే సన్నటి దారులుంటాయి. ఆ దారులను కట్టే కనెక్సిన్ అనే ప్రోటీన్ చెడిపోతే చార గీత తప్పుతుంది. పొడవాటి రెక్కల లాంగ్ ఫిన్ రకం కూడా అంతే, జాతి అదే.

మామూలు చారలు అసలు ఎలా ఏర్పడతాయి?

నాకు ఎంత చదివినా తనివి తీరని విషయం ఇది. చర్మంలో మూడు రకాల రంగు కణాలుంటాయి. నల్లటివి మెలనోఫోర్లు, పసుపువి జాంతోఫోర్లు, వెండిలా మెరిసేవి ఇరిడోఫోర్లు. చారలు ముందే గీసిన బొమ్మను చూసి రంగు వేసినట్టు రావు. ఈ కణాలు ఒకదాన్నొకటి తాకుతూ, కొన్నిచోట్ల దూరం జరుపుతూ, కొన్నిచోట్ల నిలబెడుతూ తమలో తామే సర్దుకుంటాయి. నలుపు ఒకచోట, పసుపు ఒకచోట చేరి గీతలు తేలతాయి. రసాయనాల మధ్య ఇలాంటి లాగులాటతో మచ్చలు, చారలు పుట్టవచ్చని 1952లోనే ఆలన్ ట్యూరింగ్ గణితంతో చూపించాడు. కంప్యూటర్లకు పునాది వేసిన ట్యూరింగే ఆయన. జపాన్‌లో షిగెరు కోండో బృందం జీబ్రా చేప చర్మంలో కొన్ని కణాలను లేజర్‌తో చంపి చూసింది. ఖాళీ అయిన చోట చారలు కదిలి, ట్యూరింగ్ లెక్క చెప్పిన తీరులోనే మళ్లీ సర్దుకున్నాయి.

పిల్ల చేపకు ఈ చారలు పుట్టుకతో ఉండవు. కొన్ని వారాల వయసులో మెల్లగా వస్తాయి. ఇంట్లో పిల్లలను పెంచితే ఆ రోజులు మాత్రం తప్పకుండా చూడండి.

ఆడ, మగ గుర్తుపట్టేది ఎలా?

మగది సన్నగా, చారల మధ్య బంగారు ఛాయతో ఉంటుంది. ఆడది పొట్ట గుండ్రంగా, వెండి ఛాయతో ఉంటుంది. చిన్న వయసులో చెప్పడం కష్టం.

లోపల జరిగేది ఇంకా విచిత్రం. మొదట్లో అన్ని పిల్లల్లోనూ అండాశయంలాంటి అవయవమే మొదలవుతుంది. కొన్నింటిలో అది కరిగి వృషణంగా మారుతుంది. ప్రకృతిలో నుంచి తెచ్చిన చేపల్లో ఆడా మగా నిర్ణయించే భాగం నాలుగో క్రోమోజోమ్ మీద కనిపించింది. దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో పెరిగిన కొన్ని వంశాల్లో మాత్రం అది లేకుండా పోయిందని 2014లో వచ్చిన పరిశోధన చూపించింది. మనిషి పెంపకంలో ఒక జీవి ఎంత మారిపోగలదో చూడండి.

గుడ్లు ఎప్పుడు పెడతాయి? నా తొట్టిలో ఎప్పుడూ కనపడవేం?

పెడుతూనే ఉండొచ్చు, అవే తినేస్తున్నాయి. తెల్లవారి వెలుతురు పడగానే మగవి ఆడదాన్ని తరుముతాయి. ఆడది విడిచే గుడ్లు ఒక్కోసారి వంద దాటతాయి. గుడ్డు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, అంటుకోదు, అడుక్కి జారిపోతుంది. తల్లిదండ్రులకు కాపలా కాసే అలవాటు లేదు, ఎదురైతే తినేస్తాయి. అడుగున గోళీలు పరిస్తే గుడ్లు సందుల్లో పడి బతుకుతాయి. మొదటిసారి నేను పెద్ద గులకరాళ్లు వాడాను, అవీ పనిచేశాయి.

గుడ్డు దాదాపు గాజులా ఉంటుంది. సుమారు 28 డిగ్రీల వేడిలో ఒక్క రోజుకే లోపల గుండె కొట్టుకోవడం చూడొచ్చు. రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. కొన్నాళ్లు గుడ్డు సొన మీదే ఆధారపడి, ఐదో రోజు ప్రాంతంలో ఈదుతూ తిండి వెతుక్కుంటుంది. మూడు నెలల్లో అది కూడా గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. చవక మైక్రోస్కోపు ఒకటి ఉంటే చాలు, బడిలో గుండె బొమ్మ చూసి విసుగెత్తిన పిల్లలు అరగంట కదలకుండా కూర్చుంటారు.

ప్రకృతిలో ఎక్కడ బతుకుతుంది?

ముఖ్యంగా గంగ, బ్రహ్మపుత్ర నదుల పరీవాహక ప్రాంతాల్లో. అంటే ఉత్తర, ఈశాన్య భారతం, బంగ్లాదేశ్, నేపాల్. పెద్ద నది మధ్యలో కాదు. నెమ్మదిగా కదిలే చిన్న వాగులు, కాలువలు, నదికి పక్కన నిలిచిన నీటి గుంటలు, వరిమళ్లు దీనికి ఇష్టం. నీటి పురుగులు, దోమ పిల్లలు, నీళ్లలో పడ్డ చిన్న కీటకాలు తిండి. వానాకాలంలో పొలాల్లోకి నీరు పారితే అక్కడికి చేరి గుడ్లు పెడుతుంది. అక్కడ లోతు తక్కువ, వేడి ఎక్కువ, పిల్లలకు తిండి సమృద్ధి.

మన వరిమళ్లలో, వాగుల్లో కనిపించే చిన్న చేపలూ ఇవేనా?

అలా కనిపించేవాటిలో తరచుగా ఉండేవి రస్బోరా రకాలు. ఒంటి పొడవునా ఒకే నల్ల గీత ఉంటుంది. అదీ డేనియోనిడే కుటుంబమే, కాబట్టి జీబ్రాకు బొచ్చె కంటే దగ్గరి చుట్టం. కొండవాగుల్లో నీలం, పసుపు గీతలతో చురుగ్గా తిరిగే డెవారియోలు కూడా ఈ కుటుంబానివే. మన ఊళ్లలో వీటన్నింటినీ కలిపి పరిగెలనేస్తాం. ఈసారి వల పడ్డప్పుడు గీతలు లెక్కపెట్టి చూడండి.

శాస్త్రవేత్తలు ఎలుకలను వదిలి దీని వెంట ఎందుకు పడ్డారు?

ఎలుకలను వదల్లేదు, దీన్ని కలుపుకున్నారు. అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ అనే హంగరీ మూలాల శాస్త్రవేత్త దీన్ని ఎంచుకున్నారు. వెన్నెముక ఉన్న జీవి కావాలి, పిండం తల్లి కడుపులో కాకుండా కళ్ల ముందు పెరగాలి, తక్కువ చోటులో వేలల్లో పెంచగలగాలి. ఆ మూడూ ఇందులో దొరికాయి. 1981లో ఆయన పరిశోధన నేచర్ పత్రికలో వచ్చింది. మూడేళ్లకే ఆయన చనిపోయారు, ఈ చేప ఎక్కడిదాకా వెళ్లిందో చూడలేదు. తర్వాత జర్మనీలో నోబెల్ గ్రహీత క్రిస్టియానె న్యూస్లైన్ ఫోల్‌హార్డ్, బోస్టన్‌లో వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్ బృందాలు వేల జన్యు మార్పుల చేపలను వెలికితీశాయి. 1996 డిసెంబరులో ఒక పత్రిక సంచిక మొత్తం వాటికే కేటాయించారు.

దీని జన్యుపటం 2013లో పూర్తిగా ప్రచురించారు. 25 జతల క్రోమోజోములు, 26 వేలకు పైగా ప్రోటీన్ జన్యువులు. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఇందులో సాటి జన్యువు కనీసం ఒకటైనా ఉంది. దీన్ని మనిషికీ చేపకూ 70 శాతం పోలిక అని చెప్పేస్తుంటారు. అది వేరు, ఇది వేరు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోనూ ఈ చేపల మీద పనిచేస్తారు.

గుండె కోస్తే మళ్లీ పెరుగుతుందట, నిజమేనా?

నిజం. 2002లో కెన్నెత్ పాస్ బృందం చేప గుండె జఠరికలో 20 శాతం దాకా కోసింది. రెండు నెలల్లో ఆ భాగం మళ్లీ పెరిగింది. మనిషికి గుండెపోటు వస్తే చచ్చిన కండరం చోట మచ్చ మిగిలిపోతుంది. ఈ చేపలో మిగిలిన గుండె కండర కణాలే మళ్లీ విభజన చెంది ఖాళీని పూడుస్తాయి. రెక్కలు, కంటి రెటీనా, తెగిన వెన్నుపాము కూడా ఇలాగే బాగుపడతాయి. మీ తొట్టిలో చిరిగిన రెక్క రెండు వారాల్లో మామూలైతే, నీళ్లలో మందు పోసినందుకే అని అనుకోవద్దు. శుభ్రమైన నీరుంటే ఆ పని చేపే చేసుకుంటుంది.

మన ఒంటి రంగుకూ ఈ చేపకూ సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం ఉంది. గోల్డెన్ అనే రకం జీబ్రాకు చారలు వెలిసిపోయినట్టు లేతగా ఉంటాయి. కారణం వెతుకుతూ పెన్సిల్వేనియాలో కీత్ చెంగ్ బృందం ఒక జన్యువును పట్టుకుంది. దాని పేరు ఎస్‌ఎల్‌సీ24ఏ5. ఆ చేప పిండాల్లోకి మనిషి జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏను ఎక్కిస్తే నల్ల రంగు తిరిగొచ్చింది! తర్వాత మనుషుల్లో చూశారు. యూరప్ వాళ్లందరిలో దాదాపుగా ఈ జన్యువు డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మార్పు ఉంది. తెల్ల చర్మానికి అదొక ముఖ్య కారణం. ఇది 2005 నాటి మాట.

ఆ మార్పు మన దేశంలోనూ ఉంది, ఒక్కో జనసమూహంలో ఒక్కో మోతాదులో. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ కూడా పాల్గొన్న పరిశోధన 2013లో ఒక సంగతి చూపించింది. దక్షిణాసియా వాళ్లలోని మార్పు, యూరప్ వాళ్లలోని మార్పు వేర్వేరుగా పుట్టినవి కావు, ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి. పెళ్లిచూపుల్లో ఇంత పట్టింపు పెట్టుకునే రంగు వెనక ఉన్న కారణాల్లో ఒకటి ఈ ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం జాడ చూపించింది ఈ చిన్న చేప.

మెరిసే రంగుల గ్లోఫిష్ కొనొచ్చా?

కొనొద్దు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో జెల్లీఫిష్ జన్యువును జీబ్రా చేపలో పెట్టి పచ్చగా మెరిసేలా చేశారు. నీటి కాలుష్యం కనిపెట్టడానికి మొదలుపెట్టిన పని అది. అమెరికాలో 2003 చివరి నుంచి పెంపుడు చేపగా అమ్ముతున్నారు. మన దేశంలో జన్యుమార్పిడి జీవులకు 1989 నియమాల ప్రకారం ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. బ్రెజిల్ వాగుల్లోకి ఇవి తప్పించుకుని అక్కడే పిల్లలు పెడుతున్నట్టు 2022లో బయటపడింది. మనది ఈ చేప సొంత దేశం. ఇక్కడి అడవి చేపలతో ఇవి కలిసిపోతే జరిగే నష్టం ఇంకా పెద్దది. సూదితో రంగు ఎక్కించి అమ్మే చేపలు వేరే, అవి హింస. వాటినీ కొనకండి.

ఒక చేపకు దెబ్బ తగిలితే మిగతావన్నీ ఎందుకు బెదిరిపోతాయి?

చర్మం చిరిగితే కొన్ని కణాల నుంచి ఒక రసాయనం నీళ్లలో కలుస్తుంది. ఆ వాసన తగలగానే మిగతావి గుంపుగా దగ్గరికి చేరతాయి, అడుక్కి దిగుతాయి, లేదా కదలకుండా ఆగిపోతాయి. తేనెటీగల నృత్యం అర్థం చెప్పిన కార్ల్ ఫోన్ ఫ్రిష్ మొదట దీన్ని వేరే చిన్న చేపల్లో గమనించాడు. కాబట్టి గరుకు వలతో వెంటాడి పట్టొద్దు. ఒకదాన్ని గాయపరిస్తే తొట్టి మొత్తానికి టెన్షన్.

ఎన్ని ఉండాలి, ఎలాంటి తొట్టి?

కనీసం ఆరు. గుంపులో ఉండాల్సిన చేప ఇది. రెండే ఉంటే ఒకటి ఇంకోదాన్ని వేధిస్తుంది. గుండ్రటి గాజు పాత్ర అసలు వద్దు. రెండడుగుల పొడవున్న తొట్టి, పైన మూత ఉండాలి, ఎందుకంటే ఎగురుతుంది. చల్లటి నీళ్లనూ వేడినీ ఓర్చుకుంటుంది కాబట్టి మన దగ్గర ఎక్కువ నెలలు హీటర్ అక్కర్లేదు. కుళాయి నీటిలో క్లోరిన్ తీశాకే పోయాలి. కొత్త తొట్టిలో అమోనియా తగ్గించే బ్యాక్టీరియా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా దీన్ని అందులో వేసి పరీక్షించొద్దు. చావకపోతే బాధ లేనట్టు కాదు, మొప్పలు కాలిపోతాయి.

ఎన్నాళ్లు బతుకుతుంది?

మామూలుగా రెండు మూడేళ్లు, బాగా చూసుకుంటే ఐదేళ్ల దాకా. ప్రకృతిలో చాలా వరకు ఏడాదికి మించవు. ముసలిదైతే వెన్ను వంగుతుంది, పొట్ట లోపలికి పోతుంది, గుంపు వెనకే ఈదుతుంది. నా దగ్గర ఒక ఆడది నాలుగో ఏట ఉంది. పొద్దున లైటు వేయగానే మిగతావి అద్దం దగ్గరికి పరిగెత్తి వస్తే, అది చివరగా వస్తుంది. దాని కోసం తిండిని ఇంకాస్త మెత్తగా నలిపి, కుడి మూలన వేస్తున్నాను.